రెండు గుమ్మాల గది

అత్తగారి చేతికి పాల గ్లాసు అందించబోతుంటే పైనుంచి సున్నపు పెచ్చు ఒకటి ఊడి సరిగ్గా గ్లాసులోనే పడింది. పెద్దకోడలు తలెత్తి చూసింది. గది ముందుగోడ మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా పడుకుని ఉన్న పెద్ద దూలం పక్కన, నిన్న సాయంత్రం వెంట్రుకంత ఉన్న బీట తెల్లారేసరికి వేలు దూరేంత అయింది! నాలుగు రోజులుగా వదలని ముసురు. ఆ నాలుగు రోజులుగా ఇల్లు మూలుగుతూనే ఉంది... తలుపులు బిగుసుకుపోతున్నాయి, కిటికీ రెక్కలు పడటం లేదు. "ఏమండీ, ఈ ఇంటికి ఏదో అవుతోంది" అని పొద్దున్నే భర్తకి చెప్పింది కూడా. "పాత ఇల్లన్నాక నాలుగు చప్పుళ్ళు చెయ్యదా, నువ్వు చెయ్యటం లేదూ" అని ఆయన తన మాటకి తనే నవ్వుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆడదాని మాట వినకపోవడంలో ఆయనకి చిన్నప్పటి నుంచీ మంచి సాధన ఉంది.

అసలు ఆ ఇంటి సంగతి చెప్పుకోవాలి. ఒకప్పుడు అది ఒకే ఇల్లు. అన్నదమ్ములిద్దరూ లారీలు బాగుచేసే షెడ్డు నడిపేవారు. ఇద్దరికీ అక్కాచెల్లెళ్ళనే తెచ్చి చేసింది వాళ్ళ అమ్మ. "తోడికోడళ్ళు కొట్టుకుంటారన్న బాధ ఉండదు, ముందే అలవాటుపడి వస్తారు" అని ఊరందరికీ చెప్పుకునేది. ఆ ఇంట్లో నవ్వులకి కొదవ ఉండేది కాదు. ఇప్పుడు హాలు నడిమధ్య నుంచి ఒంటిటుక గోడ ఒకటి వీధి గుమ్మం దాకా పోయింది. వీధి గుమ్మాలు రెండయ్యాయి, వంటిళ్ళు రెండయ్యాయి, కరెంటు మీటర్లు రెండయ్యాయి. రెండు కానిదల్లా హాలు చివర ఉన్న అత్తగారి గది. గోడ సరిగ్గా ఆ గది ముందు ఆగిపోయింది. ఆ గదికి పెద్దవాడి వైపు ఒక గుమ్మం, చిన్నవాడి వైపు ఒక గుమ్మం.

ఇంత గోడ లేవడానికి కారణం రెండు మాటలు. లారీని జాకీ మీద ఎత్తేటప్పుడుగానీ దించేటప్పుడుగానీ, కింద ఉన్న మనిషిని పైన ఉన్న మనిషి అడగాలి. "దించనా?" అంటే, కింద ఉన్నవాడు చేతులూ కాళ్ళూ చూసుకుని "దించు" అనాలి. అప్పుడే దించాలి. వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది. ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం పెద్దవాడు దించాడు. కింద తమ్ముడి కుడిచెయ్యి ఉంది. రెండు వేళ్ళు పోయాయి! "నేను అడిగాను, వాడు దించమన్నాడు" అని అన్న. "నేను దించమనలేదు" అని తమ్ముడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇద్దరూ కూర్చున్నారు. అన్న అబద్ధం చెబుతున్నాడని తమ్ముడు, నెపం నా మీద వేస్తున్నాడని అన్న... చిలికి చిలికి గాలివానై, షెడ్డు రెండైంది, ఇల్లు రెండైంది. ఆ తర్వాత ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

మొగుళ్ళు మాట్లాడుకోకపోతే పెళ్ళాలు మాట్లాడుకోకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు. కానీ ఆ రోజు ఆసుపత్రి వరండాలో చెల్లెలు తన చెయ్యి విదిలించుకుని, "నా మొగుడి వేళ్ళు పోతే నువ్వు మీ ఆయన్నే వెనకేసుకొస్తున్నావు. నాకు అక్క లేదనుకుంటాను" అంది. చిన్నప్పుడు జడ అక్కే వెయ్యాలని ఏడ్చి గోల చేసిన పిల్ల! ఆ మాట పెద్దకోడలి గుండెలో ముల్లులా అలాగే ఉండిపోయింది, తీద్దామంటే అందదు.

అత్తగారు మాత్రం గోడ లేచిన రోజునే ఒక మాట అనేసింది. "ఈ గుమ్మంలోంచి వస్తే ఆ కొడుకుని వదిలేసినట్టు, ఆ గుమ్మంలోంచి వస్తే ఈ కొడుకుని వదిలేసినట్టు. నేను ఏ గుమ్మమూ దాటను." అన్నట్టుగానే దాటలేదు. మోకాళ్ళు పట్టేసినా, గాలి ఆడకపోయినా, ఆ గదిలోనే. గదికి వెనక వైపు పక్కవాళ్ళ మేడ గోడ, పైన చిన్న వెలుతురు కన్నం, అంతే. పొద్దున పాలూ స్నానమూ పెద్దకోడలు చూస్తుంది, సాయంత్రం భోజనమూ పక్కా చిన్నకోడలు చూస్తుంది. ఇద్దరూ ఎదురుపడరు. ఒక గుమ్మం తెరిచినప్పుడు రెండో గుమ్మం మూసి ఉండాలి, లోపలికి రాగానే తన తలుపు తను వేసుకోవాలి. అవతలివాళ్ళ సంసారం ఇవతలికి కనపడకూడదట! చెల్లెలు మడతపెట్టిన దుప్పటిని చూసి మాత్రం పెద్దకోడలు రోజూ ఒక్క క్షణం ఆగేది. అంచులు లోపలికి దోపే ఆ మడత తను నేర్పిందే.

ఆవిడ మనసులో ఇంకొక సంగతి ఉంది. దాన్ని కక్కలేదు, మింగలేదు. షెడ్డు సామాను పంచుకున్నప్పుడు మామగారు వదిలిపోయిన పెద్ద జాకీల జత ఒకటుంది. ఒకటి పెద్దవాడికి, ఒకటి చిన్నవాడికి. పంపకానికి ముందురోజు భర్త రెండింటినీ రెండు లారీల కింద పెట్టి చూడటం ఆవిడ కళ్ళారా చూసింది. ఒకటి ఎత్తింది ఎత్తినట్టే నిలబడింది. రెండోది నూనె కార్చుకుంటూ, కంటికి తెలియనంత మెల్లగా కిందికి దిగింది. దిగిపోయే జాకీని ఆయన గుడ్డతో శుభ్రంగా తుడిచి తమ్ముడి వాటాలో పెట్టాడు. చెబితే కాపురం పోతుంది, చెప్పకపోతే ఒకనాడు మరిది ప్రాణం పోతుంది... ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆవిడ చెప్పలేదు. ఆరేళ్ళుగా గోడ అవతల మరిది దగ్గు వినిపించినప్పుడల్లా, అమ్మయ్య, ఇవాళ కూడా ఇంటికి చేరాడు అనుకుంటూ బతికింది.

ఇప్పుడు తల మీద దూలం కిర్రుమంది. గ్లాసు కింద పెట్టి పెద్దకోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. లేవమంది, బతిమాలింది, కసిరింది. ఆవిడ కదల్లేదు. దాటనన్నాను కదమ్మా అంది, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా. మనిషి బరువైనది, పైగా కదలనని కూర్చున్న మనిషి మరీ బరువు. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. పెద్దకోడలు ఒక్క క్షణం నిలబడింది... తర్వాత ఆరేళ్ళలో ఎప్పుడూ ముట్టుకోని ఆ రెండో తలుపు దగ్గరికి వెళ్ళి చేత్తో బాదింది.

"చెల్లీ! ఒక్కసారి రా తల్లీ. అత్తయ్యని బయటికి తియ్యాలి."

అవతల గిన్నె ఏదో కింద పడింది. అడుగులు పరుగెత్తుకొచ్చాయి. నేలను గీరుకుంటూ తలుపు తెరుచుకుంది. గుమ్మంలో చిన్నకోడలు. నుదుటి దగ్గర జుట్టు నెరిసింది, మనిషి చిక్కింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఏడుద్దామన్నా తీరిక లేదు! చిన్నకోడలు లోపలికి అడుగుపెట్టి, అంత ప్రమాదంలోనూ, అలవాటు చొప్పున చెయ్యి వెనక్కి చాచి తలుపు వేసేసింది.

అదే వాళ్ళు చేసిన తప్పు. మరో ఇంట్లో అయితే ఎవరూ చెయ్యరు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎవరో ముసలాయన మంచం మీద సర్దుకుని పడుకున్నట్టు దూలం ఒక్కసారి సర్దుకుంది. రెండు గుమ్మాల ద్వారబంధాలూ ఒక్కసారే కిర్రుమన్నాయి. దుమ్ము తగ్గాక చూస్తే రెండు తలుపులూ చట్రాల్లో బిగుసుకుపోయి ఉన్నాయి. ఇద్దరూ కలిసి లాగారు. ఇదీ రాలేదు, అదీ రాలేదు. చిన్నకోడలు స్టూలు ఎత్తి తలుపు పగలగొట్టబోతే అత్తగారు గట్టిగా వద్దంది. "పైన చూడు చిన్నమ్మాయ్. దూలం ఇప్పుడు ఆ తలుపుల మీదే కూర్చుంది. తలుపు పోతే పైకప్పు మన మీదికే."

"స్తంభం ఉందిగా అత్తయ్యా?" అంది పెద్దకోడలు. రెండు గుమ్మాల మధ్య, అవతల హాలు వైపు, దూలానికి నడిమధ్య ఒక లావుపాటి ఇటుక స్తంభం ఉంది. మామగారు కట్టించింది. గోడ లేచినప్పుడు ఆ స్తంభం సగం వాళ్ళ వైపు, సగం వీళ్ళ వైపు వచ్చింది. మాట నోట్లోంచి రాగానే ఆవిడ ముఖం పాలిపోయింది. ఎందుకంటే తమ వైపు సగం లేదని ఆవిడకి తెలుసు. అలమర పెట్టుకోవడానికి అడ్డమని మూడేళ్ళ కిందట భర్త చెక్కించేశాడు. "వాడి వైపు సగం ఉంది చాల్లే, అది మోస్తుంది" అన్నాడు.

ఆ మాట తలవంచుకుని చెల్లెలితో చెప్పింది. చిన్నకోడలు చేతిలోని స్టూలు కింద పెట్టేసింది.

"మా వైపూ లేదక్కా. ఫ్రిజ్ పట్టడం లేదని పోయినేడాది తీయించేశారు. అన్నయ్య వైపు సగం ఉందిగా, అది చాల్లే అన్నారు."

తిలా పాపం తలా పిడికెడు! అయితే ఇన్నాళ్ళూ ఆ దూలాన్ని మోసింది ఒంటిటుక గోడ. అన్నదమ్ముల కోపం మోయడానికి కట్టిన గోడ అది, పైకప్పు మోయడానికి కాదు. మంచం మీద కూర్చున్న అత్తగారు రెండు వైపులా సుత్తి చప్పుళ్ళు తను విన్నానని, మేకులు కొట్టుకుంటున్నారనుకున్నానని చెప్పి, చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి కోడళ్ళకి ఏడుపొచ్చింది.

ఫోన్లు చేశారు. అక్క తన మొగుడికి, చెల్లెలు తన మొగుడికి. అగ్నిమాపక దళానికీ చేశారు. వంతెన మీదికి నీళ్ళొచ్చాయి, చుట్టు తిరిగి రావాలి, ఆలస్యమవుతుందన్నారు వాళ్ళు. అన్నదమ్ములు మాత్రం వచ్చారు, ఒకడు ఒక వీధి గుమ్మంలోంచి, ఇంకొకడు రెండో వీధి గుమ్మంలోంచి, రొప్పుతూ. ఇద్దరూ తమ తమ జాకీ భుజాన వేసుకునే వచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బరువు కిందికి దిగితే జాకీ పెట్టాలన్నది ఇద్దరికీ ఒకే మనిషి నేర్పిన విద్య.

గదిలో ఉన్న ముగ్గురికీ రెండు వైపుల చప్పుళ్ళూ వినిపిస్తున్నాయి. నేల మీద చెక్క ఈడుస్తున్న చప్పుడు, ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. తలుపు పక్కన దూలం కిందికి జాకీ, దాని మీద దూలానికి ఆనేలా నిట్రాట, నిలువు దుంగ, నిలబెట్టారు. పెద్దవాడి వైపు నుంచి జాకీ పిడి కిర్రుమని ఆడింది. ఒక్క ఎత్తు! దూలం ఇటువైపు లేచింది, అటువైపు వంగింది. చిన్నవాడి గుమ్మం మీది గోడ నిలువునా చీలింది. చిన్నకోడలి తల మీద ఇటుక ముక్కలు రాలాయి. ఆమె కెవ్వున అరిచింది.

"ఆపండి!" అంది పెద్దకోడలు. "మీరొక్కరే ఎత్తితే అటువైపు కూలుతుంది. ఇద్దరూ కలిసి ఎత్తాలి. అడిగి ఎత్తండి."

అవతల పిడి ఆగింది. తర్వాత భర్త గొంతు, వాణ్ణి కూడా ఎత్తమని చెప్పు, అని. ఆ మాటకి పెద్దకోడలికి ఆరేళ్ళ కోపమంతా తన్నుకొచ్చింది. తల మీద ఇల్లు కూలుతుంటే కూడా ఈయనకి మధ్యలో రాయబారి కావాలి!

"నేను చెప్పేదేమిటి? మధ్యలో ఉన్నది ఒంటిటుక గోడ. మీరు తుమ్మితే ఆయనకి వినిపిస్తుంది. మీ నోటికేమైంది?"

రెండో వైపు నుంచి మరిది నవ్వాడు. అందులో నవ్వేమీ లేదు. "అక్కడ అడగటం ఉండదు వదినా. దించటమే."

ఇక దాచడానికి ఏముంది! కాపురం పోతే పోనీ, ప్రాణాలు పోతున్నప్పుడు కాపురమేమిటి... అనుకుంది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, చిన్నవాడి తలుపుకి నోరు ఆనించి చెప్పింది. "మరిదీ, ఆ జాకీని నమ్మకు. అది దిగిపోతుంది. పంచుకున్ననాడే చెడిపోయి ఉంది. మీ అన్నయ్యకి తెలుసు. నాకూ తెలుసు. ఆరేళ్ళు నోరు మూసుకున్న పాపిష్టిదాన్ని."

చెల్లెలు చెయ్యి వెనక్కి లాక్కుంటుందని ఎదురుచూసింది. లాక్కోలేదు.

"తెలుసు వదినా," అన్నాడు మరిది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తెచ్చుకున్న మర్నాడే తెలిసింది. అందుకే ఒక్కో ఎత్తుకీ కింద ఒక్కో చెక్క దిమ్మ దోపుతాను. ఇవాళా దోపుతున్నాను. నువ్వు భయపడకు."

ఆ మాట గోడ అవతలికి వినిపించింది. వినిపించిందని అందరికీ తెలుసు. పెద్దవాడి వైపు చప్పుడంతా ఆగిపోయింది. పైన దూలం సన్నగా, ఆకలేసిన పసిపిల్లలా మూలుగుతోంది. పెద్దకోడలు చెవులు రిక్కించి నిలబడింది. కట్టుకున్నవాడు ఇప్పుడు ఏమంటాడో... నోరు విప్పిందని తన మీద విరుచుకుపడతాడో, అన్నీ వదిలేసి వెళ్ళిపోతాడో!

"ఒరేయ్ తమ్ముడూ," అన్నాడు చివరికి. ఆ పిలుపు విని అత్తగారు కళ్ళు మూసుకుంది. "ఆ రోజు నేను అడిగాను. నువ్వు పలకలేదు. బయట ఇంకో బండి వచ్చి నిలబడి ఉంది. తొందరలో... జవాబు వినకుండానే దించేశాను. విన్నానని అందరితో అబద్ధం చెప్పాను. చెప్పిచెప్పి నేనే నమ్మాను."

వాన చప్పుడొక్కటే.

"నేను కూడా పలకాల్సింది," అన్నాడు చిన్నవాడు. "పొద్దున్న నన్ను అందరి ముందూ తిట్టావని అలిగి ఉన్నా. నీ పిలుపు వినిపించింది. పలకలేదు. కింద చెయ్యి పెట్టుకుని అలిగానన్నయ్యా!"

పెద్దవాడు ముక్కు చీదుకున్న చప్పుడైంది. తర్వాత వాళ్ళ నాన్న అడిగినట్టే, గొంతు సాగదీసి అడిగాడు.

"ఎత్తనా?"

"ఎత్తు."

రెండు పిడులూ ఒక్కసారే కిర్రుమన్నాయి. దూలం రెండు చివర్లా సమంగా, గోరంత లేచింది. చిన్నవాడి వైపు దిమ్మ దోపిన చప్పుడు. మళ్ళీ "ఎత్తనా?" మళ్ళీ "ఎత్తు". లోపల అక్కాచెల్లెళ్ళు ఒకరి తల ఒకరు చేతులతో కప్పుకుని దూలం వైపే చూస్తున్నారు. చెల్లెలు అక్క చెవిలో ఏదో అంది, అక్క తల అడ్డంగా ఊపి ఆమెను ఇంకా దగ్గరికి లాక్కుంది. ఏమందో ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

పెద్దవాడి వైపు తలుపు మీది అంచు చట్రం నుంచి కొంచెం విడివడింది. ఇంకొక్క ఎత్తు చాలు, అది వచ్చేస్తుంది. "ఎత్తనా?" అని అడిగాడు ఆయన. జవాబు రాలేదు. ఒక్క క్షణం... ఇంకో క్షణం... పైనుంచి ఇటుక ఒకటి జారి అత్తగారి మంచం కోడు మీద పడి ముక్కలైంది. ఎత్తేయండి, ఒక్కటేగా, ఎత్తేయండి... అని అరవబోయి పెద్దకోడలు నోరు నొక్కుకుంది. అవతల భర్త ఊపిరి వినిపిస్తోంది, బరువుగా, తొందరగా. పిడి మీద చేతులు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆ మనిషి జన్మలో దేనికీ ఆగినవాడు కాదు. ఆగాడు.

"ఆగన్నయ్యా," అని అప్పుడు వినిపించింది. "నూనె చేతికంటి జారింది. దిమ్మ పెడుతున్నా... పెట్టాను. ఎత్తు."

తలుపులు రెండూ వదులయ్యాయి. పూర్తిగా తెరుచుకోలేదు, మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు వచ్చింది. పెద్దకోడలు అత్తగారిని లేపబోయింది. ఆవిడ ఆపింది. ముందు మీరు పొండి అంది. పెద్దమ్మాయి చిన్నవాడి గుమ్మంలోంచి, చిన్నమ్మాయి పెద్దవాడి గుమ్మంలోంచి పొమ్మంది. ఇదేం చాదస్తమని కోడళ్ళు నోరు తెరిస్తే, "ఎవడి పెళ్ళాం వాడి వైపు వచ్చేస్తే ఎవడి పని వాడికి అయిపోయినట్టే. నా కొడుకులు నాకు తెలియదా? పొండి" అంది. ఆ సమయంలో ఆవిడతో వాదించే ధైర్యం ఎవరికీ లేదు.

అలా పెద్దకోడలు ఆరేళ్ళ తర్వాత చెల్లెలి ఇంట్లో అడుగుపెట్టింది. మరిది మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మూడు వేళ్ళ చేత్తో జాకీ పిడి పట్టుకున్నాడు, ఆ చెయ్యంతా నూనె. జాకీ పక్కన, దూలం కిందిదాకా, చెక్క దిమ్మలు అడ్డంగా నిలువుగా గూడులా పేర్చి ఉన్నాయి. జాకీ కారిపోతూనే ఉంది. బరువంతా దిమ్మల మీదే ఉంది.

లోపలి నుంచి అత్తగారి గొంతు వచ్చింది. ఇప్పుడు నన్ను ఎటు రమ్మంటారు, అని అడిగింది. పెద్దవాడు తమ్ముడి వైపు వెళ్ళమన్నాడు. చిన్నవాడు, తన జాకీ చెడ్డది, అన్నయ్యది మంచి జాకీ, అటే వెళ్ళమన్నాడు. కాదు అటే, కాదు ఇటే... పంతం పట్టడం మాత్రం ఇద్దరూ మానలేదు. పైన దూలం మళ్ళీ మూలిగింది.

"నేను మాటంటే మాటే. విడివిడిగా ఉన్నంతకాలం ఏ గుమ్మమూ దాటను. ఇద్దరూ ఏ గుమ్మం దగ్గరుంటే ఆ గుమ్మంలోంచి వస్తాను," అంది ఆ తల్లి.

అవతల జాకీ పిడి వదిలిన చప్పుడైంది. తర్వాత పెద్దవాడు, "అక్కడే ఉండమ్మా, వస్తున్నా" అన్నాడు. మరదలిని వెంటబెట్టుకుని తన వీధి గుమ్మంలోంచి వానలోకి వెళ్ళాడు. పెద్దకోడలు తలుపు వైపు చూస్తూ నిలబడింది. ఇంతకంటే దూరమైన ప్రయాణం ఆయన జీవితంలో చేసి ఉండడు. తమ్ముడి గుమ్మం ముందు చెప్పులు విప్పబోయి, మళ్ళీ గుర్తొచ్చి, బురద కాళ్ళతోనే లోపలికి పరుగెత్తుకొచ్చాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తమ్ముడి చెయ్యి చూశాడు. దిమ్మల గూడు చూశాడు. తమ్ముడి పక్కన నిలబడి గుమ్మంలోకి చెయ్యి చాచాడు. చిన్నవాడు కూడా చాచాడు, ఆ మూడు వేళ్ళ చెయ్యే. తల్లి ఆ రెండు చేతులూ పట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుపోతుంటే మూలుగుతూ, గుమ్మం దాటింది.

ఆవిడ రెండో కాలు బయట పెట్టిందో లేదో, గోడ అవతల, పెద్దవాడి వైపు, ఏదో పక్కకి జారిన చప్పుడైంది. తర్వాత అటువైపు ఇల్లంతా ఒక్కసారే కూర్చుండిపోయింది! దుమ్ము గోడ మీదుగా ఎగసివచ్చి ఐదుగురినీ కప్పేసింది. ఊపిరాడక దగ్గుతూ, ఒకరినొకరు తడుముకుంటూ వీధిలోకి వచ్చిపడ్డారు. అందరూ ఉన్నారా, అందరూ ఉన్నారా... అని పెద్దకోడలు మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది. ఉన్నాం అక్కా, ఉన్నాం, అని చెల్లెలు చెబుతూనే ఉంది.

మూడోనాడు శిథిలాలు తీశారు. పెద్దవాడి జాకీ దొరికింది. నానిన నేలలోకి ఒక పక్కగా దిగబడి, ఒరిగి, పిడి వంగిపోయి ఉంది. దాని చుట్టుపక్కల ఒక్క దిమ్మ కూడా లేదు. మంచి జాకీ కదా, ఎందుకు పెడతాడు! తమ్ముడి వైపు దిమ్మల గూడు మాత్రం దూలం ముక్కని నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడి ఉంది. పెద్దవాడు ఆ గూడు ముందు చాలాసేపు కూర్చున్నాడు. చెడ్డ జాకీ ఇచ్చి తమ్ముణ్ణి చంపబోయాడు. దాన్ని నమ్మకపోవడం నేర్చుకున్న తమ్ముడే అమ్మని బతికించాడు. తను తన గుమ్మం దగ్గరే ఉండి, అమ్మని అటే రమ్మని ఉంటే... ఆ మాట ఆయన పూర్తిచెయ్యలేదు. పెద్దకోడలు పక్కన కూర్చుంది. ఆయన తలెత్తకుండానే, నువ్వా రోజే చెప్పి ఉంటే బాగుండేది అన్నాడు. చెబితే మీరు వినేవారా అని ఆవిడ అడిగింది. ఆయన ఆలోచించి, లేదన్నాడు. ఆరేళ్ళలో ఆయన ఆవిడకి చెప్పిన మొదటి నిజమైన జవాబు అది.

ఇప్పుడు అందరూ షెడ్డు వెనక అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఇరుకు. ఒకే వంటిల్లు. తోడికోడళ్ళు పొద్దున లేచింది మొదలు ఉప్పు ఎక్కువైందనీ గిన్నె ఎక్కడ పెట్టావనీ పోట్లాడుకుంటారు, అత్తగారు హాయిగా వింటుంది. ఆ ఇంటికి గుమ్మం ఒకటే. ఆవిడ రోజుకి ఎన్నిసార్లు దాటుతుందో లెక్కలేదు. పని ఉండదు, ఊరికే వెళ్ళి ఊరికే వస్తుంది.

అన్నదమ్ములు మళ్ళీ కలిసి ఆ నూనె కారే జాకీతోనే పనిచేస్తున్నారు. కొత్తది కొనరేమని ఎవరైనా అడిగితే, ఇది దిగుతుందని తెలుసు, కొత్తదాని సంగతి తెలియదు కదా అంటాడు పెద్దవాడు. కింద ఎప్పుడూ దిమ్మలుంటాయి. వంటింటి కిటికీలోంచి పెద్దకోడలికి షెడ్డులో మాటలు వినిపిస్తాయి. భర్త గొంతు "దించనా?" అని అడుగుతుంది. ఆవిడ చేతిలో పని ఏదైనా సరే, అక్కడే ఆగిపోతుంది. పక్కన చెల్లెలూ కదలకుండా నిలబడుతుంది. పొయ్యి మీద ఏం మాడుతున్నా ఇద్దరూ చూడరు. ఆ రెండో మాట ఇంకా రాలేదు... ఇంకా రాలేదు...

"దించు" అని మరిది గొంతు వినిపిస్తుంది. అప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఊపిరి వదిలి మళ్ళీ పనిలో పడతారు.